ఎడమ పక్క ఎర్ర ఇంటూ

గాజువాక,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకి,

నీ తమ్ముడు చంటి రెండు చేతులూ జోడించి రాస్తున్నది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ అమ్మా ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ళకి కొత్త మాత్రలు పడుతున్నాయా? షాపు రేకు కారే చోట తారు వేయించావా, లేక ఇంకా బకెట్టే పెడుతున్నావా? వానలు రాకముందే వేయించు. నా గురించి బెంగ పెట్టుకోకండి, వేళకి తింటున్నాను.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటని నువ్వనుకుంటావు. నాలుగుసార్లు నీ నంబరు తీశాను, నొక్కలేకపోయాను. ఫోనులో అయితే నువ్వు "పోన్లేరా" అంటావు, నేను "సరే అక్కా" అంటాను, అక్కడికి అయిపోతుంది. అలా అయిపోకూడదు. పైగా ఇది నువ్వొక్కదానివే చదువుకోడానికి రాయడం లేదు. షాపు ముందు బల్ల మీద కూర్చునే వాళ్ళందరికీ చదివి వినిపించు. అందుకే నీకు తెలిసిన సంగతులు కూడా మొదట్నించీ రాస్తున్నాను, విసుక్కోకు.

నా పని నీకు తెలిసిందే. పోర్టులో ఓడ నుంచి దిగిన సరుకు ఏ లారీలో ఎంత వెళ్ళిందో రాసుకోవడం. బొగ్గు ఓడ వచ్చిన రోజు ముక్కు తుడుచుకుంటే రుమాలు నల్లగా అవుతుంది. ఎండ మన రాజోలు ఎండే గాని ఇక్కడ గాలిలో తడి ఎక్కువ, ఉతికిన చొక్కా ఆరదు, ఆరిన చొక్కా పొడిగా ఉండదు. మెస్సులో భోజనం ఫరవాలేదు. చేప రోజూ పెడతారు, పులుసు మాత్రం మనలా ఉండదు. సాయంత్రం నువ్వు షట్టరు సగం దించి టీ తాగే వేళకి నాకిక్కడ ఏం తోచదు. చేతులు ఊరికే ఉంటాయి. బాగానే ఉన్నాను, అయినా ఆ వేళప్పుడు మాత్రం ఒంటరిగా ఉంటుంది.

ఇంకో మాట ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. మన ఊళ్ళో నన్ను ఎవరూ సత్తిబాబు అనలేదు. బడిలో, బస్టాండులో, పెళ్ళిలో, ఎక్కడైనా "మెకానిక్ నాగమణి తమ్ముడు" అనే. నాన్న పోయాక ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని నువ్వు షాపు తెరిచిన రోజు నుంచీ నాది అదే పేరు. ఆ షాపు మీదే నేను డిగ్రీ చదివాను, ఆ పేరంటేనే మళ్ళీ చిరాకు పడ్డాను. విశాఖపట్నం వచ్చాక ఎవరూ అలా పిలవకపోతే ప్రాణం హాయిగా ఉంది. అక్క ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "ఆటోమొబైల్ బిజినెస్" అన్నాను. అబద్ధం కాదనుకున్నాను. అబద్ధమేనక్కా. నిన్ను దాచడానికి అన్న మాటే అది.

సరే, కారు సంగతి. చిన్నప్పట్నుంచీ షాపుకొచ్చిన వాళ్ళ బళ్ళు ట్రయలు వెయ్యడమే గాని నాదంటూ ఒకటి లేదని నాకెంత ఆశో నీకు తెలుసు. ఇక్కడ నాతో పనిచేసే అప్పలరాజుకి కార్ల పిచ్చి. చూడ్డానికి చిన్న కారు, లోపల టర్బో ఇంజను, తొక్కితే దూకుతుంది, దాన్ని హాట్ హ్యాచ్ అంటారని అతనే నాకు ఎక్కించాడు. కొత్తది కొనే తాహతు లేదు, పాతదే వెతకాలి. నీకు ఫోను చేస్తే నువ్వు నవ్వి ఏమన్నావో గుర్తుందా? "చిన్న ఒంట్లో పెద్ద ఇంజను పెట్టిన బండికి బండిని కాదురా, తోలినోణ్ణి చూడాలి" అన్నావు.

ఆ తర్వాత నువ్వు చెప్పినవన్నీ నాకు కంఠతా వచ్చు. "వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే వచ్చెయ్, నువ్వు రాకముందే స్టార్ట్ చేసి ఏదో కప్పెట్టారు. పొగ నీలంగా వస్తే టర్బో పనైపోతోందని అర్థం, అది నువ్వు మొయ్యలేవు. టైర్లు నాలుగూ ఒకేలా అరిగాయో లేదో చూడు. చేతిలో ఉన్నదంతా బండికే ఊడ్చిపెట్టకు, మొదటి నెలలోనే అది ఏదో ఒకటి అడుగుతుంది."

దువ్వాడలో ఇంజనీరింగ్ కుర్రాడి బండి చూసినప్పుడు ఫోను సైలెన్సర్ దగ్గర పెట్టించి విన్నావు. "పాపం, బాగా కొట్టార్రా దాన్ని. వచ్చెయ్" అన్నావు. వంతెన ఎక్కుతుంటే నిజంగానే క్లచ్ జారింది. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక అమ్మేవాడి దగ్గర మీటరు చాలా తక్కువ చూపించింది, నేను ఎగిరి గంతేశాను. నువ్వు వీడియోలో బ్రేకు పెడలు చూపించమన్నావు. రబ్బరు అరిగి ఇనుము కనిపిస్తోంది. "మీటరు తిప్పగలరు గాని అరిగిన రబ్బరు అతికించలేర్రా" అన్నావు. రెండుసార్లు నన్ను గోతిలో పడకుండా ఆపింది నువ్వే. ఇది అందరూ వినాలి.

మూడోది సీతమ్మధారలో. రిటైరైన పెద్దాయన, ఒకే చేతి బండి, సర్వీసు కాగితాలన్నీ ఫైల్లో వరసగా ఉన్నాయి. నీలం రంగు, అద్దంలా ఉంది. బానెట్ చల్లగా ఉంది, పొగ లేదు, టైర్లు సమంగా ఉన్నాయి. నాకు మతి పోయింది. నీకు చెప్పని సంగతి ఏమిటంటే, అప్పుడే మాటిచ్చేశాను, బయానా కూడా ఇచ్చేశాను. ఇచ్చాక నిన్ను రమ్మన్నాను. చూడమని కాదక్కా, చూసి మెచ్చుకోమని.

నువ్వు షాపు మూసి, పనసపొట్టు పొట్లం ఒక చేత్తో, పనిముట్ల సంచి ఇంకో చేత్తో పొద్దున్నే దువ్వాడలో దిగావు. చుడీదారు మీద నాన్న ఖాకీ చొక్కా. నిన్ను చూడగానే నాకు మొదట వచ్చిన ఆలోచన, ఈ చొక్కాతో సీతమ్మధార తీసుకెళ్ళాలా అని. రాయడానికే సిగ్గుగా ఉంది.

అక్కడ నువ్వు మొదట సీటు బెల్టు చివరిదాకా లాగి చూశావు, సీటు కింద వేలు పెట్టి రాశావు. మన వైపు అందరం మొదట చూసేది అదే కదా, గోదావరి వరదలో మునిగిన బండైతే అక్కడ ఒండ్రు దొరుకుతుంది. "ఒండ్రు లేదు" అన్నావు. నా గుండె నిమ్మళించింది. ఒండ్రు లేకపోతే ఇంకేముంటుంది? మన ఊరి బుద్ధి నాది. ఇక్కడ బళ్ళని తినేది గోదారి కాదు, సముద్రం అని నాకు తట్టలేదు. నీకు మాత్రం తట్టింది. "ఉప్పుగాలి ఊరు. కింద చూడాలి" అంటూ పేపరు పరుచుకుని కారు కిందకి దూరావు.

ఎదురు అపార్టుమెంటు బాల్కనీల్లోంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తొంగి చూశారు. పెద్దాయన భార్య కప్పుల్లో టీ పట్టుకొచ్చి, రోడ్డు మీదకి చాచి ఉన్న నీ కాళ్ళు చూసి ఆగిపోయింది. ఆయన నన్ను మర్యాదగానే అడిగాడు, "ఆవిడ ఎవరండీ?" అని. నేను "మా అక్కండి, ఊరికే వచ్చింది" అన్నాను. ఊరికే! ఒక రోజు షాపు మూసి, రైలెక్కి వచ్చిన మనిషిని ఊరికే వచ్చిందన్నాను. తర్వాత వంగి, పళ్ళు బిగబట్టి, "అక్కా, లే. అందరూ చూస్తున్నారు" అన్నాను.

నువ్వు అప్పుడు ఎడమ పక్క కింద స్క్రూడ్రైవర్ పిడితో కొడుతున్నావు. టక్, టక్ అంటున్న చప్పుడు ఆగిపోయింది. "ఒక్క నిమిషంరా" అన్నావు. "చాలు, లే" అన్నాను. లేచావు. మొహం మీద ఏమీ కనిపించనివ్వలేదు. చేతులు నల్లగా ఉన్నాయని టీ కప్పు అందుకోకుండా "కుళాయి ఎక్కడుందిరా" అని నన్నడిగితే, నేను వినపడనట్టు ఫోను చూసుకున్నాను. ఆ పెద్దావిడే నిన్ను లోపలికి తీసుకెళ్ళింది. పరాయి మనిషికున్న పాటి మర్యాద నాకు లేకపోయింది.

మళ్ళీ స్టేషన్లో రైలెక్కే ముందు నువ్వు నా మణికట్టు పట్టుకుని చెప్పావు. "చంటీ, కింద పూర్తిగా చూళ్ళేదు. ఏదైనా షెడ్డులో లిఫ్టు ఎక్కించి ఎడమ పక్క చూపించు. అప్పటిదాకా డబ్బివ్వకు." ఈ మాట అందరూ వినేలా గట్టిగా చదువక్కా. నువ్వు బాగుందని అనలేదు. చూపించమన్నావు. నేను "సరే సరే" అన్నాను, మర్నాడు వెళ్ళి మిగతా డబ్బిచ్చి బండి తెచ్చుకున్నాను.

ఒక నెల బాగానే గడిచింది. బీచ్ రోడ్డు మీద అది ఎలా ఎగిరేదో నీకు రాయాలని కూడా అనుకున్నాను. తర్వాత ఒక ఆదివారం అప్పలరాజు, ఇంకో ఇద్దరు, నేనూ భీమిలి బయల్దేరాం. దారిలో ఎడమ వెనక టైరు పంక్చరు. అప్పలరాజు జాకీ పెట్టి తిప్పుతున్నాడు. బండి లేవడం లేదు, జాకీ లేస్తోంది. కరకరమని చప్పుడైంది, జాకీ తల అడుగు రేకుని చీల్చుకుని వెనక సీటు పక్కకి వచ్చింది, బండి కూలబడింది. అప్పలరాజు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నాలుగు వేళ్ళు పోయేవి. అతనికేం కాలేదు, కంగారు పడకు.

అతను కాసేపు చెయ్యి చూసుకుని, "ఓరి నాయనో! ఏటి బావా, ఇది కారా, అప్పడమా?" అన్నాడు. మిగతా ఇద్దరూ పడీపడీ నవ్వారు. "పైన పటారం, లోన లొటారం. కొనీముందు ఎవులికీ సూపించనేదేటి బావా?"

అక్కా, అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మా అక్క చూసింది. ఆవిడ మెకానిక్కే. కింద దూరి మరీ చూసి బాగుందంది. సొంతవాళ్ళే ఇలా చేస్తే ఇంకెవర్ని నమ్మాలి?"

ఇక్కడికొచ్చిన ఎనిమిది నెలలూ నువ్వు మెకానిక్కువని చెప్పడానికి నామోషీ పడ్డవాణ్ణి, నింద వెయ్యాల్సి వచ్చేసరికి చెప్పాను. ఆ ఇద్దరిలో ఒకడు మూర్తి, మన రాజోలు వాడే, ఈ మధ్యే పోర్టులో చేరాడు. ఆ సాయంత్రమే ఇంటికి ఫోను చేసినట్టున్నాడు. నోరా వీపుకి తేకే అంటారు. నా నోరు నా వీపుకి తేలేదు, నీ వీపుకి తెచ్చింది.

స్కూలు వ్యాన్ల రాజుగారు మూడు వ్యాన్లూ నీ దగ్గర్నించి తీసేసుకున్నారని అమ్మ ఫోనులో చెప్పింది. "సొంత తమ్ముడి కారే చూడలేనిది, పిల్లలెక్కే వ్యాన్లు ఏం చూస్తుంది" అన్నారట బల్ల దగ్గర అందరి ముందూ. నేను అమ్మని "అక్క ఏమంది?" అని అడిగాను. అమ్మ చెప్పింది, "ఏమంటుందిరా? 'వాడు చూడమన్నాడు, నేను చూశాను, అంతే' అంది. ఇంక మాటాడలేదు. నువ్వు గాని ఏమన్నా అన్నావేంట్రా?"

నేను అమ్మతో "లేదమ్మా" అన్నాను. ఫోను పెట్టేశాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఒక వారం అలాగే తిరిగాను. ఒక్క మాటతో నువ్వు నన్ను అబద్ధాలకోరని తేల్చెయ్యొచ్చు. "లిఫ్టు ఎక్కించమన్నాను, వాడే వినలేదు" అంటే చాలు. నీ అన్నం పోతున్నా ఆ మాట అనలేదు. నేను మాత్రం నా పరువు కోసం ఏమీ తెలియనట్టు నటించాను.

కారుని గాజువాకలో సింహాచలం గారి షెడ్డుకి లాగించాను. అరవై ఏళ్ళ మనిషి, స్టీల్ ప్లాంటు వాళ్ళ బళ్ళు చాలా చూశాడు. ఆయనకి తీరిక దొరికేసరికి పన్నెండు రోజులు పట్టింది. మొన్న గురువారం లిఫ్టు ఎక్కించి నన్ను కిందకి పిలిచాడు. అడుగంతా కొత్త నల్ల రంగు. "ఉప్పు తినీసిన రేకు మీద రంగు కొట్టీసినారు బాబూ. ఈ ఊర్ల పైన సూసి ఏటి నాభం? కింద సూడాల" అన్నాడు. టార్చి ఎడమ పక్కకి తిప్పి ఆగిపోయాడు.

"ఇదేటి? ఎవులో ముందే సూసినారే. ఇక్కడ ఇంటూ ఎట్టీసినారు. నాను ఎట్టనేదు. గోళ్ళ రంగులాగుంది."

చూశానక్కా. జాకీ చీల్చిన చోటికి జానెడు ఇవతల, నల్ల రంగు మీద, ఎర్రగా. నువ్వు గోళ్ళకి ఏనాడూ వేసుకోని గోళ్ళ రంగు. సంచిలో ఎప్పుడూ ఉండే ఆ చిన్న సీసా. బిగించిన నట్టుకి ఒక చుక్క, అనుమానం ఉన్న చోట ఇంటూ. రాజోలులో నీ చేతి కింద నుంచి వెళ్ళిన ఏ బండికైనా ఆ ఎరుపు ఉంటుంది, రాజుగారి వ్యాన్లకీ ఉంటుంది. నేను "లే, అందరూ చూస్తున్నారు" అంటుంటే, ఆ ఒక్క నిమిషంలో నువ్వు రోగం పట్టుకుని, రేపు లిఫ్టు దగ్గర చూసేవాడికి తెలియాలని గుర్తు పెట్టి లేచావు.

సింహాచలం గారు ఆ చోట వేలితో నొక్కితే రేకు లోపలికి పోయింది. "ఎవులు బాబూ ఇది? పని తెలిసినోలు. కొనీముందు ఈలకి సూపించుంటే నీకీ తిప్పలు నేకపోను" అన్నాడు.

నేను లిఫ్టు కింద నిలబడి ఏడ్చాను. ఆయన టార్చి ఆర్పేసి, టీ తెస్తానని బయటికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక చెప్పాను. "మా అక్కండి. రాజోలులో మెకానిక్కు." ఈ ఊళ్ళో ఆ మాట సరిగ్గా చెప్పడం అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్లో అందరూ ఉండగా లేచి చెప్పాను. మా అక్క బాగుందని అనలేదు, లిఫ్టు ఎక్కించమంది, నేనే వినలేదు, నేనే అబద్ధం ఆడాను అని. అప్పలరాజు ఒక్కడే మాట్లాడాడు. "తప్పు సేసినావు బావా. ఆవిడ్ని రోడ్డు మీద నిలబెట్టీసినావు" అన్నాడు. మూర్తి తల దించుకుని అన్నం కలుపుతూ ఉండిపోయాడు. రాజుగారికి కూడా ఫోను చేశాను. అంతా విని "ఆయ్, అలాగాండీ" అన్నారు. నమ్మారో, తమ్ముడు అక్కని వెనకేసుకొస్తున్నాడనుకున్నారో తెలీదు. రెండోదే అనుకున్నారనిపించింది.

అందుకే ఈ ఉత్తరంతో పాటు పార్శిలు పంపిస్తున్నాను. పాడైన రేకు కోసి కొత్తది అతుకు వెయ్యాలని సింహాచలం గారు అంటే, కోసిన ముక్క నాకు కావాలన్నాను. ఇంటూ గుర్తు మధ్యలో ఉండేలా పలక అంత కోసిచ్చాడు. విప్పేటప్పుడు జాగ్రత్త, అంచులు చెయ్యి కోసుకుంటాయి, గోనెగుడ్డ చుట్టాను గాని అమ్మని ముట్టుకోనివ్వకు. దాన్ని బల్ల పైన మేకుకి తగిలించు. ఒక పక్క తుప్పు, ఇంకో పక్క నీ ఎరుపు, ఎవరు పడితే వాళ్ళు వేలు పెట్టి చూసుకోవచ్చు. రాజుగారు అటుగా వస్తే నువ్వేం చెప్పక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఏం చెప్పలేదుగా.

బండి ఇంకో పది రోజుల్లో సిద్ధమవుతుందన్నాడు. దాన్ని తోలుకుని వద్దామని మొదట అనుకున్నాను. వద్దు. నువ్వు రమ్మన్న రోజున రైలుకే వస్తాను. రావద్దంటే ఆ మాట కూడా నాకు సమ్మతమే, కానీ అమ్మ చేత చెప్పించకు, నువ్వే చెప్పు. నీ కోపం నాకు కావాలక్కా, పోన్లే అనొద్దు.

వచ్చినప్పుడు నాన్న చొక్కాలు రెండు ఉన్నాయి కదా, పాతది నాకు తీసిపెట్టు. అమ్మకి నా దణ్ణాలు, ఆవిడకి మాత్రం ఈ ఉత్తరం మెల్లగా చదువు. బల్ల దగ్గర పెద్దవాళ్ళందరికీ నమస్కారాలు. నన్ను దీవించమని అడిగే మొహం ఇవాళ నాకు లేదు. రేకు ముక్క మేకుకి తగిలించిన రోజున, నీకనిపిస్తే దీవించు.

ఇట్లు,
మెకానిక్ నాగమణి తమ్ముడు